చుక్క, గీత, ఖాళీ

మా పేట పేరు వాషర్‌మెన్‌పేట్. తమిళంలో వణ్ణారపేట్టై. మా ఇంట్లో పెద్దవాళ్ళు చాకలిపేట అనేవారు. పెళ్ళి సంబంధాల మాట వచ్చినప్పుడు ఈ పేరు చెప్పడానికి మొహమాటపడి, "రాయపురం పక్కన" అని దాటవేసేవాళ్ళను నేను ఎరుగుదును. నాకు మాత్రం ఈ పేరంటే గౌరవం. కుంఫిణీ వారి కాలంలో మద్రాసు నుంచి ఓడలెక్కిన సరుకుల్లో ముఖ్యమైనది నూలుగుడ్డ. మగ్గం మీంచి దిగిన గుడ్డ తెల్లగా ఉండదు. దారానికి పెట్టిన గంజి, దూదిలో సహజంగా ఉండే జిడ్డు, మట్టిరంగు అన్నీ దాంట్లోనే ఉంటాయి. ఉతికి, ఎండలో పరిచి, తడిపి, మళ్ళీ పరిస్తేనే అది తెల్లబడుతుంది. ఆ పని చేసేవారు స్థిరపడిన చోటు గనుక ఈ పేరు వచ్చింది. రంగు అద్దినవారి పేరు కాక, రంగు పట్టడానికి కావలసిన తెలుపును తయారుచేసినవారి పేరు పెట్టుకున్న పేట మాది.

ఈ తెలుపు సంగతి ఎందుకు ఎత్తానంటే, కొన్ని నెలలుగా మా ఇంట్లో జరుగుతున్న చర్చంతా తిరిగి తిరిగి దాని దగ్గరికే వచ్చింది.

మా అమ్మాయి ప్లస్ టూలో కామర్స్ గ్రూపు. మార్కులు బాగానే వస్తున్నాయి. నేను బి.కాం., మా అన్నయ్య బి.కాం., మా బావగారు చార్టర్డ్ అకౌంటెంటు. దాని దారి ముందే వేసి ఉందని అందరం అనుకుంటూ ఉండగా, నిరుడు దీపావళి సెలవుల్లో "నాన్నా, నేను డిజైను చదువుతాను" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు గాని ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. బావగారు మాత్రం "బొమ్మలు గీస్తే బువ్వ పెడుతుందా?" అని సూటిగానే అడిగారు. నాలుగేళ్ళ చదువు, రుసుము లక్షల్లో. పదవీ విరమణకు నాలుగైదేళ్ళు మిగిలిన ఉద్యోగికి అది చిన్న మాట కాదు.

బ్యాంకుకు ఎవరైనా అప్పు కోసం వస్తే "మీ వ్యాపారం ఏమిటో వివరంగా చెప్పండి" అని అడగడం ముప్ఫై ఏళ్ళుగా నా పని. వినకుండా సరేనడం ఎంత ప్రమాదమో, వినకుండా కాదనడం కూడా అంతే. అంచేత మా అమ్మాయితో ఒక ఒప్పందం కుదుర్చుకున్నాను. "నీ ప్రవేశ పరీక్ష పుస్తకం రోజూ రాత్రి భోజనాలయ్యాక నాకు పాఠం చెప్పు. నాకు అర్థమైతే ఆలోచిద్దాం" అన్నాను. దానికి ఇంటి తెలుగే తప్ప బడి తెలుగు లేదు. నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. ఇద్దరికీ మధ్య మా అమ్మ కూర్చునేది. ఆమెకు 80 దాటాయి. ఇంగ్లీషు రాదు.

పుస్తకంలో మొదటి అధ్యాయం మూలకాల గురించి. గీత, ఆకారం, ఘనరూపం, రంగు, లేత-ముదురు, స్పర్శ, ఖాళీ. రెండో అధ్యాయం సూత్రాల గురించి. తూకం, తేడా, ప్రాధాన్యం, లయ, నిష్పత్తి, పొందిక. వంట భాషలో చెప్పాలంటే ఉప్పు, పులుపు, కారం మూలకాలు. ఏది ఎంత, ఏది ముందు, ఏది తర్వాత అన్నది సూత్రం. కళ్ళకు కనిపించే ప్రతి వస్తువునూ, అది గుడి గోపురమైనా సబ్బు పెట్టె అయినా, ఈ మాటలతో విప్పి చూడవచ్చునట.

ఈ జాబితా ఒక్కరు ఒక్కరోజులో రాసింది కాదు. అమెరికాలో ఆర్థర్ వెస్లీ డౌ అనే ఉపాధ్యాయుడు 1899లో, బొమ్మల చదువును నకలు గీయడంతో కాకుండా గీత, వెలుగునీడలు, రంగు అనే మూడింటితో మొదలుపెట్టాలని పుస్తకం రాశాడు. 1919లో జర్మనీలోని వైమార్‌లో బౌహౌస్ అనే పాఠశాల పుట్టింది. అక్కడ పాఠం చెప్పిన కాండిన్‌స్కీ 1926లో అచ్చువేసిన పుస్తకం చుక్కతో మొదలై, గీత మీదుగా, తలం దాకా వెళ్తుంది. ఆ బౌహౌస్ వారి చిత్రాలు 1922లోనే కలకత్తాకు ప్రదర్శనకు వచ్చాయి. మా అమ్మాయి ఇదంతా చెబుతుంటే మా అమ్మ విని, "చుక్క పెట్టకుండా గీత ఎట్లా వస్తుందే? ఈ మాత్రానికి జర్మనీ దాకా పోవాలా?" అంది. ఆ రోజు నుంచి పాఠం మా వాకిట్లోకి మారింది.

అమ్మ లెక్క చూడండి. "7 చుక్కలు, ఎదురు చుక్క, 1 వచ్చేదాకా" అంటే నడుమ 7, అటూ ఇటూ 5, 3, 1. మొత్తం 25 చుక్కలు, నిలబెట్టిన చతురస్రం. "7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చేదాకా" అంటే నడుమ 7, అటూ ఇటూ 6, 5, 4. మొత్తం 37 చుక్కలు, ఆరు పలకల ఆకారం. ఒక్క మాట మారితే ఆకారమే మారిపోయింది. చుక్కలను కలుపుతూ పోతే ఒక రకం ముగ్గు. చుక్కను తాకకుండా దాని చుట్టూ తిరిగి గీత బయలుదేరిన చోటికే వచ్చి చేరితే మెలికల ముగ్గు. ఇక్కడి తమిళులు దాన్నే సిక్కు కోలం అంటారు. తాంబరంలోని మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ఆచార్యుడు గిఫ్ట్ సిరోమణి, సహ పరిశోధకులతో కలిసి 1974లో ఈ కోలాల నియమాల మీద కంప్యూటరు శాస్త్ర వ్యాసం ప్రచురించారు. మన ఇంటి ఆడవాళ్ళు తెల్లవారుజామున వంగి వేసేది లెక్కల పరిశోధనకు పనికొచ్చిందన్న మాట.

ఇకపోతే గీత. తెలుగువాడికి గీత అనగానే బాపుగారు గుర్తుకొస్తారు. 2014లో కన్నుమూసేదాకా ఆయన మన చెన్నైలోనే ఉన్నారు. ఆయన బొమ్మలో ముఖం మొత్తం గీయరు. ముక్కుకు ఒక వంపు, కళ్ళకు రెండు, జడకు ఒకటి. మిగతాది మన కన్నే పూర్తిచేసుకుంటుంది. పెద్దపెద్ద కథల పుస్తకాల మీద ఆయన బొమ్మలు చూస్తూ పెరిగినవాళ్ళమే మనమంతా. అయినా ఆయన ఎక్కడ గీత ఆపారో నేను ఎన్నడూ గమనించలేదు. మా అమ్మాయి చూపించాక ఇప్పుడు అదే కనిపిస్తోంది.

ఘనరూపానికి మా అమ్మాయి ఇచ్చిన ఉదాహరణ చెంబు. అమెరికా దంపతులు చార్లెస్, రే ఈమ్స్ 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, ఈ దేశంలో తాము చూసిన వస్తువులలో అన్నిటికన్నా గొప్పగా మెచ్చుకున్నది చెంబునే. చేతికి ఎలా ఇముడుతుంది, తలమీద, నడుం మీద ఎలా నిలుస్తుంది, నీళ్ళు పోసేటప్పుడు బరువు ఎటు వాలుతుంది అని వారు వివరంగా ఆలోచించారు. ఆ నివేదిక తర్వాతనే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైను సంస్థ ఏర్పడింది. ఈ చదువు మన దేశంలో మొదలుకావడానికి ఒక సాక్షి మన పెరటి చెంబే.

లేత-ముదురు, స్పర్శ అనే రెండింటికి నా బ్యాంకే పాఠశాల. ఇప్పుడు చెక్కు ఒక ఊరినుంచి మరో ఊరికి కాగితంగా పోదు, దాని ఫొటో పోతుంది. ఈ పద్ధతి 2008లో ఢిల్లీలో మొదలై, 2011లో మన చెన్నైకి వచ్చింది. దానికోసమే చెక్కు నేపథ్యం లేత రంగులో ఉండాలన్నారు, ముదురు సిరాతో రాయమన్నారు. లేత మీద ముదురు ఉంటేనే యంత్రం కన్ను అంకె చదవగలదు. ఇక నోటు. చూపు లేనివారు వేలితో పోల్చుకునేందుకు ఇప్పటి 100 నోటు మీద ఉబ్బెత్తుగా త్రికోణం, 500 నోటు మీద వృత్తం ఉన్నాయి. అంచుల్లో వాలుగా ఉన్న ఉబ్బెత్తు గీతలు 100 నోటుకు 4, 500 నోటుకు 5. గీత, ఆకారం, స్పర్శ మూడూ కలిసి ఒక చూపులేని మనిషిని మోసపోకుండా కాపాడుతున్నాయి. డిజైను అంటే ముస్తాబు అనుకునేవారికి ఇంతకన్నా వేరే జవాబు అక్కరలేదు. స్పర్శ అనే మూలకానికి తెలుగేమిటని మా అమ్మాయి అడిగితే అమ్మ తడుముకోకుండా "గరుకూ నునుపూ" అంది.

రంగు చూడాలంటే మా ఎమ్.సి. రోడ్డుకు రావాలి. పండుగల ముందు అక్కడ చీరల కొట్లలో కాలు పెట్టే సందుండదు. ఒక శనివారం అమ్మాయిని, అమ్మను ఆటోలో తీసుకెళ్ళాను. అక్కడి పనివాళ్ళు చీరను తెల్లటి దుప్పటి పరిచిన పరుపు మీదే విప్పుతారు. పక్కన ఇంకో రంగు ఉంటే అసలు రంగు తెలియదని వాళ్ళకు అనుభవం. ఇదే సంగతిని ఫ్రాన్సులో షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1839లో పుస్తకంగా రాశాడు. ఆయన గోబెలిన్ అనే ప్రసిద్ధ నేతశాలలో అద్దకాల అధికారి. నల్లదారం వెలవెలబోతోందని ఫిర్యాదు వస్తే పరీక్షించి, తప్పు అద్దకంలో లేదనీ, పక్కనున్న రంగులవల్ల కన్ను అలా చూస్తోందనీ తేల్చాడు. ఎరుపు పక్కన పచ్చ పెడితే రెండూ రెచ్చిపోతాయి. మన పట్టుచీరల ఎర్ర ఒంటికి పచ్చ అంచు ఊరికే రాలేదు.

అక్కడ అమ్మ రంగులను పేర్లు పెట్టి పిలుస్తుంటే మా అమ్మాయి నోటుపుస్తకం తీసింది. చిలకపచ్చ, మామిడి చిగురు, వంగపండు, కనకాంబరం, ఉల్లిపొర, ముక్కుపొడి, గంధం, నెమలికంఠం. ఇంగ్లీషులో పింకు, బ్రౌను అని ఆగిపోయేచోట అమ్మకు ఒక్కో ఛాయకు ఒక్కో పేరు. అందులో నెమలికంఠం అసలు ఒక రంగే కాదు. పడుగు ఒక రంగు, పేక మరో రంగు పెట్టి నేస్తే, గుడ్డ కదిలినప్పుడల్లా ఒకటి తేలి, ఇంకొకటి మునుగుతుంది. ఆ పేరు తెలిసినవాడికి ఆ నేత కూడా తెలుస్తుంది. పేరు పోతే, ఇంకో తరానికి అది "ఏదో నీలం లాంటిది" అయిపోతుంది. మన పిల్లలు తెలుగు చదవలేకపోవడం గురించి మన సంఘంలో తరచు బాధపడుతూ ఉంటాం. చదవడంతో పాటు చూడటం కూడా కొంత పోతుందని నాకు ఆ రోజే తట్టింది.

పడుగు, పేక అనగానే మా పేటకు దగ్గరి చుట్టం ఒకరిని తలుచుకోవాలి. సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు (1852–1925) నేతపని వారి తెలుగు కుటుంబంలో పుట్టినవారు. 1916లో జస్టిస్ పార్టీ స్థాపించిన ముగ్గురు నలుగురు పెద్దలలో ఒకరు. త్యాగరాయనగర్‌కు ఆయన పేరే. మా పేటలో ఆయన పేరిట ఉన్న కళాశాలలోనే నేను బి.కాం. చదివాను. ఆయన కాలంలో మద్రాసు పేరు దేశాంతరాల్లో మోగించిన సరుకు గళ్ళగుడ్డ. ఈ గళ్ళ లెక్క చాలా చక్కనిది. పడుగులో 3 రంగుల చారలు, పేకలోనూ అవే 3 రంగులు వేస్తే, ఒకే రంగు కలిసే గళ్ళు 3, రెండేసి రంగులు కలిసే గళ్ళు ఇంకో 3. మొత్తం 6 రంగులు కనిపిస్తాయి. 4 దారాలు పెడితే 10. అద్దకానికి అదనంగా ఒక్క పైసా ఖర్చు లేదు. లయ అంటే ఇదే. ఒకటే వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది గాని కలిసేచోటల్లా కొత్తగా ఉంటుంది. మా పక్కనే 1856లో తెరిచిన రాయపురం రైల్వే స్టేషను ముందర నిలబడి ఆ స్తంభాల వరుస చూసినా ఇదే లయ కనిపిస్తుంది.

మద్రాసు రుమాళ్ళ పేరుతో ఈ గళ్ళగుడ్డ చీరాల వైపు మగ్గాల నుంచి కూడా పశ్చిమ ఆఫ్రికాకు వెళ్ళేది. నైజీరియాలో కలబారి అనే జాతి ఆడవాళ్ళు దాన్ని అలాగే కట్టుకోరు. బ్లేడుతోనో చిన్న కత్తితోనో కొన్ని దారాలను ఏరి, కోసి, లాగేస్తారు. అక్కడ పడిన ఖాళీలతో సరికొత్త నమూనా తేలుతుంది. మన నేతగాడు వేసిన దారాన్ని వాళ్ళు తీసి అందం తెస్తారు. ఈ ముక్క అమ్మాయి చదివి వినిపించినప్పుడు, పుస్తకంలో ఏడో మూలకంగా "ఖాళీ"ని ఎందుకు పెట్టారో నాకు పూర్తిగా అర్థమైంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కూడా అంతే. గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, కలంతో గీసి, పటిక పెట్టి, మధ్యమధ్య పారే నీటిలో పదేపదే ఉతుకుతారు. ఉతుకు సరిగా లేకపోతే తెలుపు మాసిపోతుంది, తెలుపు మాసిపోతే ఎరుపు, నలుపు వెలగవు. మా పేట పేరులో ఉన్నది ఆ పనే.

సూత్రాలలో నాకు సొంత ఇల్లులా అనిపించింది తూకం. లెక్కల పుస్తకంలో రెండు వైపులా మొత్తం సరిపోవాలి. అయితే రెండు వైపులా ఒకే పద్దులు ఉండనక్కరలేదు. ఇటు ఒకే పెద్ద పద్దు ఉండవచ్చు, అటు పది చిన్నవి ఉండవచ్చు. బొమ్మలో కూడా అంతేనట. చుక్కల ముగ్గులో ఎడమా కుడీ అచ్చంగా ఒకటే, అది ఒక రకం తూకం. చీర కట్టుకున్నప్పుడు ఒక భుజం మీద జరీ కొంగు, రెండో వైపు ఏమీ లేదు. అయినా వాలిపోయినట్టు ఉండదు. కింద నిండుగా ఉన్న కుచ్చెళ్ళు ఆ బరువును మోస్తాయి. అది ఇంకో రకం తూకం. ప్రాధాన్యానికి బొట్టు చాలు. అంత ముఖంలో అంత చిన్న చుక్క, కన్ను ముందు అక్కడికే పోతుంది. ముఖం నిండా బొట్లు పెడితే ఎక్కడికీ పోదు. నిష్పత్తికి మన శిల్పులు ముఖం పొడవును ఒక తాళం అనుకుని, తాళానికి 12 అంగుళాలుగా విగ్రహాన్ని కొలుస్తారు. ఇవన్నీ ఒకదానికొకటి అడ్డురాకుండా ఉంటే పొందిక. అమ్మ మాటల్లో "అమరిక కుదిరింది".

ఇదంతా విన్నాక నేను మా బావగారిని ఒకటే అడిగాను. "మీరు రోజూ రాసే రూపాయి గుర్తు ఎవరో కూర్చుని గీసిందే కదా బావగారూ?" అన్నాను. 2010 జూలై 15న ప్రభుత్వం ఆమోదించిన ఆ గుర్తును రూపొందించింది, మన చెన్నైలోనే అన్నా విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ చదివిన ఉదయకుమార్. దేవనాగరి 'ర'నూ, రోమన్ 'ఆర్'నూ కలిపి, పైన రెండు అడ్డగీతలు పెట్టారు. రెండే గీతలు, వాటి మధ్య ఒక ఖాళీ. బావగారు నవ్వి, "అది ఒక్కడికి దక్కిందయ్యా, మిగతావాళ్ళ మాటేమిటి?" అన్నారు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే ఒప్పందాన్ని రెండు వైపులా రాసుకున్నాం. దరఖాస్తు మీద నేను సంతకం పెట్టాను. పరీక్ష అయిపోయింది. ఈ సంచిక మీ చేతికి అందేసరికి ఫలితం వచ్చి ఉండవచ్చు. సీటు వస్తే అప్పు చేసి చదివిస్తాను, ఆ అప్పు ఉద్యోగం వచ్చాక అదే తీరుస్తుంది. రాకపోతే బి.కాం.లో చేరి, మరుసటి ఏడు మళ్ళీ రాస్తుంది. మా ఆవిడ ఇప్పుడు నిద్రపోతోంది. బావగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

చివరగా మన సంఘం పెద్దలకు ఒక మనవి. ఏటా సంక్రాంతికి మనం ముగ్గుల పోటీ పెడతాం. ఎక్కువ రంగులు నింపినవాళ్ళకే బహుమతి పోతోంది. వచ్చే ఏడు ఒక విభాగం తెల్లపిండి ముగ్గులకు మాత్రమే కేటాయిద్దాం. అందులో పాల్గొనే పిల్లలు, ఎన్ని చుక్కలు, సందు చుక్కా ఎదురు చుక్కా, ఎక్కడ ఎందుకు ఖాళీ విడిచారు అని రెండు నిమిషాలు తెలుగులో చెప్పాలి. చెప్పడం రాని పిల్లలు ముందురోజు ఇంట్లో అవ్వనో అమ్మమ్మనో అడిగి నేర్చుకుని రావచ్చు. న్యాయనిర్ణేతగా మా అమ్మ వస్తానంది. ఆమెకు దూరపుచూపు కొంచెం తగ్గింది గాని, దగ్గర కూర్చోబెడితే గీత ఎక్కడ వంకర పోయిందో ఇప్పటికీ చెప్పగలదు.